చిన్నప్పుడు పెరిగిన అమెరికా ఊళ్ళో ఆ షాపు ఏ పక్కన ఉండేది? మా అన్నయ్యా నేనూ చెరొకటి అంటున్నాం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారు 1975లో ఇండియానాలో ఒక చిన్న ఊరికి డాక్టరుగా వెళ్ళారు. మీరు అయిదో ఏట నుంచి పదమూడో ఏట వరకు అక్కడే పెరిగారు. కోర్టు బిల్డింగు చుట్టూ ఉన్న వీధిలో ఒక మందుల షాపు, లోపల ఐస్‌క్రీమ్ సోడా కౌంటరు, మేడమీద డాన్సు స్కూలు మీకు గుర్తు. ఇప్పుడు మ్యాపులో చూస్తే ఆ చోట పార్కింగ్ స్థలం ఉంది. మీ అన్నయ్య మాత్రం షాపు అక్కడ కాదు, ఎదురు వరసలో బ్యాంకు పక్కన అంటున్నారు. ఎవరిది నిజం, ఆ బిల్డింగు చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

సూటిగా చెప్పాలంటే: ఆ ఊరి లైబ్రరీలో ఉండే పాత సిటీ డైరెక్టరీలు మూడు తిరగేస్తే ఒక పూటలో తేలిపోతుంది. మీ ఇద్దరిదీ నిజమే అయ్యే అవకాశం కూడా బాగానే ఉంది. అలాంటి ఊళ్ళలో షాపులు ఉన్నచోటే ఉండవు. అద్దె పెరిగిందనో, పైకప్పు కారుతోందనో అదే వీధిలో నాలుగు గుమ్మాలు అటో ఇటో మారుతుంటాయి. పేరు అదే, బోర్డు అదే, బిల్డింగు వేరు. మీకంటే నాలుగేళ్ళు పెద్దయిన అన్నయ్యకు మొదటి చోటు, మీకు రెండో చోటు గుర్తుండిపోయి ఉండవచ్చు.

నేను ఒహాయోలో ఇరవై ఏళ్ళకు పైగా పాత భవనాల మరమ్మతు డ్రాయింగులు గీశాను. ఇప్పుడు రిటైరై మా కౌంటీ (మన జిల్లా లాంటిది) హిస్టారికల్ సొసైటీలో వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. ఇలాంటి ప్రశ్నతో నెలకొకరైనా వస్తారు. ఎక్కువమంది అమెరికన్లే, కానీ ఈ మధ్య మన డాక్టర్ల పిల్లలు కూడా వస్తున్నారు. 1965లో వలస చట్టం మారాక వచ్చిన మన డాక్టర్లలో చాలామంది పెద్ద సిటీలకు కాదు, డాక్టరు దొరకని చిన్న ఊళ్ళకే వెళ్ళారు. వాళ్ళ పిల్లలకు ఇప్పుడు యాభై దాటాయి. అమ్మానాన్నల సామాన్లు సర్దుతుంటే ఫొటోలు బయటపడతాయి, ప్రశ్నలు మొదలవుతాయి.

ఇంకేదీ చూడకముందు ఒక పని చేయండి. మీకు గుర్తున్నది కాగితం మీద గీయండి. వీధి, షాపుల వరస, తలుపు ఎటు తెరుచుకునేది, కౌంటరు ఎటు వైపు, మేడమెట్లు లోపలి నుంచా బయట నుంచా. అన్నయ్యను కూడా విడిగా గీయమనండి. ఒక్క పాత ఫొటో చూశారంటే చాలు, ఇక మీకు గుర్తొచ్చేది ఆ ఫొటోనే. గీసింది ఎంత వంకరగా ఉన్నా పరవాలేదు, తేదీ వేసి దాచండి.

ఇప్పుడు డైరెక్టరీల సంగతి. ఫోన్ పుస్తకం కాదు ఇది. పోల్క్ వంటి కంపెనీలు ఊరూరా ఇంటింటికీ మనుషుల్ని పంపి తయారుచేసేవి. ముందు పేర్ల వారీ జాబితా, తర్వాత వీధుల వారీ జాబితా. మీకు కావలసింది రెండోది. వీధి పేరు కింద గుమ్మం నంబర్లు వరసగా, ఏ నంబరులో ఎవరున్నారో పక్కన, మధ్యలో ఏ అడ్డవీధి వచ్చిందో కూడా రాసి ఉంటుంది. 1975, 1979, 1983 పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఆ బ్లాకు ఒక్కటే చూడండి. మేడమీద ఉన్నవాళ్ళకు చాలాచోట్ల సగం నంబరు ఇస్తారు, 112½ అన్నట్టు. డాన్సు స్కూలు అలా కనిపిస్తే దాని కింద ఏ షాపు ఉందో వెంటనే తెలిసిపోతుంది. ఊరు మరీ చిన్నదై డైరెక్టరీ లేకపోతే ఫోన్ పుస్తకాల పసుపు పేజీలు చూడండి. హైస్కూలు ఇయర్‌బుక్కుల చివరి పేజీలు ఇంకా మంచివి. షాపులవాళ్ళు అక్కడ ప్రకటనలు ఇచ్చేవారు, ఆ ప్రకటనల్లో స్కూలు పిల్లల్ని షాపులోనే నిలబెట్టి ఫొటో తీసేవారు. కౌంటరు, స్టూళ్ళు, గోడమీద ధరల బోర్డు అన్నీ ఆ ఫొటోల్లో కనిపిస్తాయి. నేను చూసిన మంచి లోపలి ఫొటోల్లో సగం ఇయర్‌బుక్కుల్లోవే.

కుడి ఎడమల తగాదా గురించి ఒక మాట. మీ ఇంట్లో స్లైడ్లు ఉండేవా? అట్ట చట్రంలో బిగించిన చిన్న పారదర్శక ఫొటోలు, ప్రొజెక్టర్‌లో పెట్టి గోడమీద చూసేవి. రెండేళ్ళ క్రితం ఒక అక్కా తమ్ముడూ సరిగ్గా మీలాగే వాదించుకుంటూ వచ్చారు. థియేటరు ఎడమ అని అక్క, కుడి అని తమ్ముడు. వాళ్ళు తెచ్చిన డబ్బాలో ఆ వీధి స్లైడు ఉంది. నేను చేతిలోకి తీసుకుని చూస్తే థియేటరు బోర్డు మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇంట్లో ఆ స్లైడు ఎప్పుడూ వెనక్కి తిప్పి ట్రేలో పెట్టేవారట. తమ్ముడికి అప్పుడు చదవడం రాదు. వీధిని చూసినదానికంటే గోడమీద బొమ్మను చూసిందే ఎక్కువ, కాబట్టి అతనికి ఊరు అద్దంలో లాగా తిరగబడి గుర్తుండిపోయింది. కోడాక్ స్లైడు అయితే అట్టమీద ఏ వైపు తెరకు ఎదురుగా ఉండాలో అచ్చు వేసి ఉంటుంది, చూసుకోండి. ఆ అట్టమీదే కడిగిన నెల, సంవత్సరం ముద్ర కూడా ఉంటుంది. అది ఫొటో తీసిన తేదీ కాదు. రీలు ఆరు నెలలు కెమెరాలోనే ఉండిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అయినా అంతకంటే తర్వాత తీసింది మాత్రం కాదని ఖాయంగా చెప్పవచ్చు.

ఇక బిల్డింగు చరిత్ర. షాపు పేరుతో వెతకకండి, లాట్ నంబరుతో వెతకండి. షాపు పేర్లు మారతాయి, గుమ్మం నంబర్లు కూడా ఊరంతా ఒకేసారి మార్చిన సందర్భాలున్నాయి. నేల నంబరు మాత్రం అంత తేలిగ్గా మారదు. మన దగ్గర సర్వే నంబరు లాంటిదే. ఊరు పుట్టినప్పుడు గీసిన స్థలాల మ్యాపులో లాట్ ఇంత, దాని ఉత్తరపు 22 అడుగులు అని దస్తావేజులో ఉంటుంది. కౌంటీ వెబ్‌సైటులో ఆ పార్కింగ్ స్థలం మీద నొక్కితే ఈ వివరం చాలా కౌంటీల్లో వచ్చేస్తుంది. అక్కడి నుంచి దస్తావేజులు నమోదుచేసే రికార్డర్ ఆఫీసులో అమ్మినవాళ్ళ సూచిక, కొన్నవాళ్ళ సూచిక పట్టుకుని వెనక్కి నడవాలి. దస్తావేజులో బిల్డింగు గురించి దాదాపు ఏమీ ఉండదు. కానీ ధర ఒక్కసారిగా పెరిగిన సంవత్సరం, లేదా పెద్ద తాకట్టు పెట్టిన సంవత్సరం కనిపిస్తే అక్కడ ఏదో కట్టారని అనుమానించవచ్చు.

నేల తెలిశాక శాన్‌బర్న్ మ్యాపులు తెరవండి. 1867లో మొదలైన ఈ కంపెనీ అగ్నిప్రమాద బీమా వాళ్ళ కోసం దాదాపు 12 వేల ఊళ్ళ మ్యాపులు గీసింది. అంగుళానికి 50 అడుగుల కొలత. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్కకు పసుపు, రాతికి నీలం, రేకుకు బూడిద. ఎన్ని అంతస్తులు, కిటికీలు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, రాత్రి కాపలా ఉందా లేదా, అన్నీ గుర్తులతో ఉంటాయి. నిప్పు ఎటు పాకుతుందో తెలుసుకోవడానికి గీసినవి కదా, అందుకే నమ్మవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో చాలా ఊళ్ళవి ఉచితంగా ఉన్నాయి. ఒక చిక్కు చెప్పాలి. కొన్ని సంవత్సరాల్లో కొత్త మ్యాపు వేయకుండా మారిన చోట చిన్న కాగితం ముక్క కత్తిరించి పాతదాని మీద అతికించేవారు. స్కాన్‌లో ఆ అతుకు సరిగా తెలియదు. కాబట్టి అట్టమీద 1915 అని ఉన్నా లోపల 1940ల బిల్డింగు ఉండవచ్చు. నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడి ఒక రిపోర్టు మొత్తం తిరగరాశాను.

మీ కాలానికి శాన్‌బర్న్ సరిపోదు, అది పాతది. 1970లకు విమానం నుంచి తీసిన ఫొటోలు చూడండి. ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ సైటులో ఉచితంగా దొరుకుతాయి. షాపు పేరు కనపడదు కానీ పైకప్పు ఉందా, పార్కింగ్ అయిపోయిందా తెలుస్తుంది. ఇండియానాకు ఇంకో అదృష్టం ఉంది. అక్కడ కౌంటీల వారీగా పాత భవనాల సర్వే చేసి ఇంటెరిమ్ రిపోర్టులని పుస్తకాలు వేశారు. 1980లలో చాలా కౌంటీలకు వచ్చాయి. పాత భవనాల వివరాలుండే ఆ రాష్ట్రపు షార్డ్ (SHAARD) డేటాబేస్‌లో కూడా వెతకవచ్చు. మీరు వదిలి వచ్చిన రోజుల్లోనే ఎవరో కెమెరా పట్టుకుని మీ వీధంతా తిరిగి ఉండవచ్చు.

నమ్మకూడనిది ఒకటుంది. పన్ను రికార్డులో 'కట్టిన సంవత్సరం' అనే గడి. 1900 అని ఉంటే దాని అర్థం చాలాసార్లు 'పాతది, ఎప్పుడో తెలీదు' అని మాత్రమే. 1900లో ఊరికి ఊరే కట్టినట్టు కనిపించే కౌంటీలు చూశాను. బిల్డింగు నెత్తిన చెక్కిన సంవత్సరం కొంచెం నయం, కానీ అది కూడా కొన్నిసార్లు వ్యాపారం మొదలుపెట్టిన సంవత్సరం అవుతుంది.

కాగితాలు ఏమీ దొరక్కపోయినా పార్కింగ్ స్థలమే కొంత చెబుతుంది. అమెరికా చిన్న ఊళ్ళలో మెయిన్ స్ట్రీట్ బిల్డింగులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యగోడ ఇద్దరిదీ. ఒకటి పడగొడితే దాని ఆనవాలు పక్క బిల్డింగు గోడమీద మిగిలిపోతుంది. ఒకసారి వరంగల్ నుంచి వచ్చిన డాక్టరు గారి అమ్మాయిని తీసుకుని అలాంటి చోటికి వెళ్ళాను. నవంబరు, సన్నగా వాన. ఆవిడకు గుర్తున్నది ఒక్కటే, మేడమీద పియానో టీచర్ దగ్గరికి వెళ్ళే చీకటి మెట్లు. ఎక్కుతుంటే కుడి భుజం గోడకు రాసుకునేదట. మిగిలిన గోడమీద చూస్తే వరసగా చదరపు గుంటలు, నేల దూలాల చివర్లు ఇటుకలో దూర్చిన చోట్లు. వాటిని కోసుకుంటూ ఏటవాలుగా ఒక గీత. ఆ గీత కింద గోడ వట్టి ఇటుక, పైన లేతాకుపచ్చ సున్నం పూత. అదే మెట్ల దారి. వీధివైపు నుంచి వెనక్కి ఎక్కుతోంది, గోడ కుడి పక్కన ఉంది. ఆవిడ దగ్గరికెళ్ళి తడి గోడకు భుజం ఆనించి చూసుకున్నారు. రంగు మాత్రం గుర్తులేదన్నారు. చీకట్లో ఎలా గుర్తుంటుంది? కింద కాలిబాట అంచున తెల్లటి ఆరుకోణాల చిన్న పెంకులు కూడా కొన్ని మిగిలాయి. షాపు గుమ్మంలో పరిచేవి, వాటితోనే షాపు పేరు కూడా రాసేవారు. ఆవిడ చోట 'అండ్' అనే ఒక్క గుర్తు మిగిలింది, దానికి అటూ ఇటూ ఉన్న భాగస్వాముల పేర్లు తారు కిందకి పోయాయి. మీ స్థలానికి వెళ్ళినప్పుడు పక్క గోడ, నేల అంచు రెండూ చూడండి.

నేను గమనించినంతలో చిన్నప్పటి జ్ఞాపకం సైజులో, తేదీలో తప్పుతుంది, ఒళ్ళు గుర్తుపెట్టుకున్నదాంట్లో తప్పదు. మెట్లెన్ని అంటే తప్పు చెబుతారు, మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేదా అంటే సరిగ్గా చెబుతారు. కార్నెగీ లైబ్రరీ దీనికి మంచి ఉదాహరణ. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో అమెరికాలో 1,600కు పైగా పబ్లిక్ లైబ్రరీలు కట్టారు. ఇండియానాలోనే 160 దాటాయి, ఏ రాష్ట్రానికీ అన్ని రాలేదు. స్థలం ఊరివాళ్ళే చూపించాలి, ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకు ఖర్చుపెడతామని ఒప్పుకోవాలి, అదీ షరతు. చాలావాటికి నేలమాళిగ సగం పైకి లేచి ఉంటుంది, వీధిలోంచి మెట్లెక్కి ద్వారంలోకి వెళ్ళాలి. మీ లైబ్రరీ కూడా కొండలాగా గుర్తుందంటే బహుశా అదే. ఇప్పుడు వెళితే పక్కనుంచి ర్యాంపు ఉంటుంది, లేదా లైబ్రరీ కొత్త బిల్డింగుకు మారిపోయి ఉంటుంది.

నమ్మశక్యం కాని జ్ఞాపకాన్ని కూడా వెంటనే కొట్టిపారేయకండి. ఒకాయన చిన్నప్పుడు రెండేళ్ళు ఇండియానాలో ఏదో ఊళ్ళో ఉన్నారు, ఊరి పేరు తెలీదు. కోర్టు గడియారం గోపురం మీద చెట్టు ఉండేదని ఆయన అంటే పెళ్ళయిన నాటి నుంచి భార్య నవ్వుతూనే ఉన్నారు. ఊరు గ్రీన్స్‌బర్గ్. అక్కడ కోర్టు గోపురం మీద 1870 ప్రాంతం నుంచి చెట్లు మొలుస్తూనే ఉన్నాయి, ఒకటి పోతే ఇంకొకటి. ఫొటో చూపిస్తే ఆయన ఏమీ అనలేదు, ఫోన్ తీసి భార్యకు పంపారు.

సంవత్సరం తేల్చుకోవడానికి చుట్టూ ఉన్న గుర్తులు పట్టుకోండి. నీళ్ళ హైడ్రంటుకు సిపాయి టోపీ, కోటు రంగులు వేసినట్టు గుర్తుందా? అయితే 1976, దేశానికి 200 ఏళ్ళ పండగ. తలుపు తెరవలేనంత మంచు, కొన్ని రోజులు స్కూలు లేకపోవడం గుర్తుంటే బహుశా 1978 జనవరి ఆఖరి వారం. ఇండియానా, ఒహాయోల్లో ఆ తుఫాను చూసినవాళ్ళెవరూ మరచిపోరు. 'మంచు పడినప్పుడు షాపు ఇక్కడ ఉందా, అక్కడ ఉందా?' అని మీ అన్నయ్యను అడిగి చూడండి.

ఇంకో తమాషా. మీరు వెళ్ళి చూస్తే మీ చిన్నప్పటికంటే ఆ వీధి ఇప్పుడు *పాతగా* కనపడవచ్చు. ఒకావిడ నాతో గట్టిగా వాదించారు, తను చూసింది నీలం రంగు కొత్త బిల్డింగు, ఈ ఎర్ర ఇటుక బిల్డింగును ఎవరో తర్వాత పాత ఫ్యాషన్‌లో కట్టారని. నిజానికి ఆ ఇటుకే 1890లది. 1950, 60లలో ఊరి బయట కొత్త షాపింగ్ సెంటర్లు వచ్చి బేరాలు పడిపోతుంటే పాత ముఖాలకు అల్యూమినియం రేకు తొడిగేసేవారు. రేకు చదునుగా కూర్చోవడానికి కిటికీల పైనున్న నగిషీలు కూడా కొట్టేసేవారు, అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1977లో పాత బజారు వీధులను బాగుచేసి నిలబెట్టడానికి మెయిన్ స్ట్రీట్ ప్రాజెక్టు మొదలుపెట్టి మూడు ఊళ్ళను ప్రయోగంగా తీసుకున్నారు, అందులో ఒకటి ఇండియానాలోని మాడిసన్. తర్వాత చాలా ఊళ్ళలో ఆ రేకులు దిగాయి. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. అదే మాడిసన్ కోర్టు పైకప్పు, గోపురం 2009లో మరమ్మతులు జరుగుతుండగా సోల్డరింగ్ వేడికి అంటుకుని కాలిపోయాయి. ఇప్పుడున్నది మళ్ళీ కట్టినది. చూస్తే అదే అనిపిస్తుంది.

నేషనల్ రిజిస్టర్‌లో ఉన్న బిల్డింగును ఎలా పడగొట్టారని కూడా మీరు అడిగారు. అది చారిత్రక కట్టడాలకు 1966 చట్టంతో వచ్చిన గౌరవ జాబితా. సొంతదారు తన డబ్బుతో తన బిల్డింగును కూల్చుకుంటే ఆ జాబితా ఒక్కటే ఆపలేదు. ఆపాలంటే ఊరికి సొంత నిబంధన ఉండాలి.

ఇప్పుడు నేను అడగవలసింది. నాన్నగారు పనిచేసిన ఆసుపత్రి ఫొటోలు మీ దగ్గర ఉన్నాయా? 1946 హిల్-బర్టన్ చట్టం డబ్బుతో చిన్న ఊళ్ళలో చాలా ఆసుపత్రులు లేచాయి. చదును పైకప్పు, లేత రంగు ఇటుక, అందంగా ఉండవు, ఎవరూ ఫొటో తీయలేదు. చాలావరకు పడగొట్టేశారు కూడా. ఊళ్ళో కోర్టు ఫొటోలు వేలల్లో దొరుకుతాయి, ఆసుపత్రివి దొరకవు. అవి ఉన్నది మీలాంటి ఇళ్ళలోనే. అమ్మగారు చీర మీద పెద్ద కోటు వేసుకుని మంచులో నిలబడితే వెనక ఆసుపత్రి బోర్డు పడి ఉంటుంది. నాకు అలాంటివి మూడిళ్ళ నుంచి వచ్చాయి, మూడింట్లోనూ అదే కోటు అనిపించింది. స్కాన్ చేసి ఆ ఊరి హిస్టారికల్ సొసైటీకి పంపండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.

లైబ్రరీకి రాసేటప్పుడు 'మా చిన్నప్పటి ఊరి గురించి చెప్పండి' అని రాయకండి, జవాబు రాదు. స్థానిక చరిత్ర గదికి ఇలా రాయండి: కోర్టుకు తూర్పున ఉన్న వీధి, ఈ అడ్డవీధి నుంచి ఆ అడ్డవీధి వరకు, రెండు వైపులా, 1975, 1979, 1983 డైరెక్టరీల వీధి పేజీలు స్కాన్ చేసి పంపగలరా, ఖర్చు ఎంత? అంతే. ఇంత స్పష్టంగా అడిగితే వాళ్ళకు పది నిమిషాల పని. జవాబు వచ్చాక ఇక్కడే రాయండి, మెట్లు బయట నుంచా లోపలి నుంచా అన్నది నాకూ కుతూహలంగా ఉంది. అన్నయ్య తన బొమ్మ గీసి పంపేవరకు మాత్రం మీది చూపించకండి.